ఆవిరి కాని పిండి

మా ఇంటి మెట్ల గోడ మీద ఆరేళ్ళ పాటు ఒక కాగితం ఉంది. పై వాటాలో అద్దెకుండే రాజమణి అంటించింది. కెమికల్ ఇంజినీరింగులో ఎం.టెక్ పట్టా చేతికి రావాలంటే ఏమేం చెయ్యాలో దాని మీద వరసగా అచ్చు వేసి ఉండేది: ఇన్ని క్రెడిట్లు, ఇన్ని కోర్సులు, డెబ్బై అయిదు శాతం హాజరు, రెండు సెమినార్లు, ఒక పెద్ద మౌఖిక పరీక్ష, ఏదైనా సదస్సులో ఒక పేపరు, ఆఖరున థీసిస్, దాని మీద వైవా. అన్నిటికంటే కింద లావుపాటి అక్షరాలతో ఇంకో మాట ఉండేది. చేరిన నాటి నుంచి ఆరేళ్ళలో ఇవన్నీ పూర్తి కాకపోతే పేరు కొట్టేస్తారు, చదివిందంతా ఏట్లో కలిసినట్టే. ఏట్లో కలిసినట్టే అని వాళ్ళు రాయలేదు. అది నా తాత్పర్యం.

గోడ నాది కాబట్టి అంటించిన రోజున నేను గొడవ పెట్టుకున్నాను. "సున్నం ఊడుతది బిడ్డా, నీ ఇంట్ల గోడలు లెవ్వా?" అన్నాను.

"ఇంట్ల అంటిస్తే అత్తమ్మ దాని మీద చర్చి క్యాలెండర్ కొడ్తది బాపూ. ఈడుంటె ఎక్కేటప్పుడు దిగేటప్పుడు కండ్ల పడ్తది" అంది రాజమణి.

అలా హైదరాబాద్‌లోని మా సంతోష్‌నగర్ ఇంట్లో అందరికీ ఎం.టెక్ నిబంధనలు నోటికి వచ్చేశాయి. రాజమణి అత్తగారు లీలమ్మ అయితే చర్చిలో పక్కన కూర్చున్న ఆడవాళ్ళను "మీ కోడలికి ఎన్ని క్రెడిట్లు?" అని అడిగి పరువు తీసేది. ఎవరికీ ఒక్క క్రెడిట్ కూడా ఉండేది కాదు పాపం.

నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు బసవయ్య. కార్వాన్‌లో మాది తాతల నాటి పప్పుల హోల్‌సేల్ దుకాణం. నలభై ఏళ్ళు త్రాసు ముందు కూర్చున్నాను. బసవయ్య తూకం అంటే బేగంబజారు దాకా ఎవరూ మళ్ళీ తూచి చూసుకోరు. ఇప్పుడు దుకాణం కొడుకుకి అప్పగించి ఇంటి పట్టున ఉంటున్నాను. నాకు బీపీ. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, నా భార్య విమలాదేవి మాన్పించింది. ఈ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో ఉప్పు లేని పప్పు తిన్నవాడికే తెలుస్తుంది.

రాజమణి విషయానికొస్తాను. ఆమెకు నలభై మూడేళ్ళు. నీళ్ళు శుద్ధి చేసే ప్రభుత్వ కేంద్రంలో ల్యాబ్ అసిస్టెంటు. డిప్లొమాతో చేరింది, సాయంత్రం కాలేజీలో బి.టెక్ చేసింది, ముప్పై ఏడో ఏట పార్ట్‌టైమ్ ఎం.టెక్‌లో చేరింది. పద్దెనిమిదేళ్ళుగా నీళ్ళు పరీక్షించేది ఆమే. అంకెలు వేసేది ఆమే. కింద సంతకం పెట్టేది మాత్రం నిన్న మొన్న ఉద్యోగంలో చేరిన ఇంజినీర్లు. వాళ్ళు పరీక్షనాళిక వంక కూడా చూడరు, "అయిందా అమ్మా?" అని చెయ్యి చాపుతారు. ఎం.టెక్ ఉంటే ఆమె కూడా ప్రాసెస్ ఇంజినీరు పోస్టుకు అర్హురాలవుతుంది, తన అంకె కింద తన సంతకం తానే పెట్టుకోవచ్చు. ఆమెకు కావలసింది అదొక్కటే.

బస్సులో చదివేది. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ ఆగితే అందరూ తిట్టుకునేవాళ్ళు, ఈమెకు మాత్రం థర్మోడైనమిక్స్‌లో రెండు పేజీలు కలిసొచ్చేవి. ట్రాఫిక్ లేని రోజున ఇంటికొచ్చి "ఇయ్యాల ఏం చదువలే బాపూ, బస్సు ఉరికింది" అని దిగులుపడేది. అలా కోర్సులు అయ్యాయి, సెమినార్లు అయ్యాయి, పేపరు కూడా అయింది. ఒక్కొక్కటి అయినప్పుడల్లా మెట్ల మీది కాగితంలో ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టేది. చివరికి థీసిస్ మిగిలింది, గడువు నాలుగు నెలలు మిగిలింది.

థీసిస్‌కు ప్రయోగం కావాలి. యూనివర్సిటీలో సరుకు ఆరబెట్టే యంత్రం ఒకటుంది కానీ, దానికి ఏదో సామాను రావాలట, రాక ఏళ్ళయింది. రాజమణి గైడు అనురాగ్ సార్ ఆమె కంటే తొమ్మిదేళ్ళు చిన్న. మంచివాడు, కాకపోతే ఉత్సాహం పాలు ఎక్కువ. "మేడమ్, సూర్యుడికి స్పేర్ పార్టులు అక్కర్లేదు. మీ డాబా మీదే చేద్దాం" అన్నాడట. డాబా మీద ఎండబెట్టేది ఏముంటుంది? వడియాలు. బియ్యప్పిండి వడియాల జావ పళ్ళెంలో పలచగా పరిచి, ఎండలో పెట్టి, గంట గంటకూ తూచి, ఏ గంటలో ఎంత నీరు ఆవిరైందో గీత గీయడం. అదీ థీసిస్. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ చేసిన పని ఎం.టెక్ అని తెలిస్తే మేము ఆమెను ఇంకాస్త గౌరవంగా చూసుకునేవాళ్ళం.

రాజమణి పిండీ నీళ్ళూ మాత్రమే కలుపుదామనుకుంది. లీలమ్మ ఊరుకోలేదు. "ఉప్పు లేని వడియం చావింట్ల కూడ చెయ్యరు" అని ఉప్పు, జీలకర్ర, దంచిన పచ్చిమిర్చి, ఇంత వాము తానే వేసి ఉడికించింది. అనురాగ్ సార్ కూడా ఇళ్ళల్లో ఎలా చేస్తారో అలాగే ఉండాలన్నాడు. అనర్థానికి మూలం ఆ పచ్చిమిర్చే.

ఏప్రిల్‌లో మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఆఫీసుకు సెలవు పెట్టింది. ఒకే ప్రయోగం మూడుసార్లు చేసి, మూడుసార్లూ ఒకే ఫలితం రావాలని నిబంధన. పెద్ద స్టీలు తాంబాళంలో రెండు వందల గ్రాముల పిండితో ఉడికించిన జావ పరిచింది. కాకులు వాలకుండా దోమతెర కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. పొద్దున తొమ్మిది నుంచి గంట గంటకూ పైకి రావడం, తూచడం, రాయడం, దిగిపోవడం. ఒంటిగంట తూకం అయ్యాక మాత్రం అన్నం తినడానికి వెళ్ళి, మళ్ళీ రెండుకు వచ్చేది.

ఫలితం చూసి అనురాగ్ సార్ కుర్చీలోంచి లేచాడట. గీత పొద్దున్నుంచి బుద్ధిగా దిగుతూ దిగుతూ, సరిగ్గా ఒంటిగంటకూ రెండుకూ మధ్య దబ్బున ఒక మెట్టు దిగింది. మూడు రోజులూ అదే వేళకు అదే మెట్టు. వడియం చుట్టూ అంచులు కూడా లోపలికి ముడుచుకున్నాయి, అదీ చాలా సమంగా. "ఇది పుస్తకాల్లో లేదు మేడమ్! లోపలి నీరంతా ఒక్కసారి బయటపడుతున్నట్టుంది. దీనికి రాజమణి దశ అని పేరు పెడదాం" అన్నాడు. నాలుగో చాప్టరంతా దాని గురించే. ఇరవై ఆరు పేజీలు, పదకొండు సమీకరణాలు. ఆమె ఆ రోజు ఇంటికి మిఠాయి తెచ్చింది. నేను తల వంచుకుని తిన్నాను. ఎందుకు తల వంచుకున్నానో కాసేపట్లో చెబుతాను.

జూన్ ఇరవయ్యో తేదీన, గడువుకు పది రోజుల ముందు, రాజమణి మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. మా వాళ్ళనూ తన వాళ్ళనూ అందరినీ డాబా మీదికి పిలిచింది. ఆమె భర్త సీమోను ఆర్టీసీలో మెకానిక్కు, మొదటి షిఫ్టు ముగించుకుని అప్పుడే వచ్చాడు, చేతుల గ్రీజు కూడా కడుక్కోలేదు. లీలమ్మకు మోకాళ్ళ నొప్పులు, రెండేళ్ళుగా మెట్లెక్కదు, అందుకని సీమోనే రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. నేనూ విమలాదేవీ వెళ్ళాం.

"ఎండబెట్టిన సరుకంత యూనివర్సిటీ ఓవెన్ల పెట్టి, నీళ్ళ సుక్క లేకుండ ఆరబెట్టి ఇయ్యాల తూచిన" అంది రాజమణి. "రెండు వందల గ్రాముల పిండి వేస్తిని. నీళ్ళన్ని పోయినంక రెండు వందలే మిగలాలె. నూట డెబ్బై రెండే ఉన్నది. మూడుసార్లకు మూడుసార్లు గంతే."

"ఉంటే ఏమైతది?" అన్నాడు సీమోను.

"నీళ్ళు ఆవిరైతయి. పిండి ఎట్ల ఆవిరైతది?"

కెమికల్ ఇంజినీరింగు మొత్తానికి మొదటి పాఠం ఇదేనట, మెటీరియల్ బ్యాలెన్స్ అంటారట: లోపలికి పోయిందంతా బయటికి రావాలి, లేకపోతే లోపలే ఉండాలి. మూడో దారి లేదు. నలభై ఏళ్ళు పప్పులు తూచిన నాకు ఈ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు మాత్రం దొంగకు తేలు కుట్టినట్టయింది.

"కాకులైతయి" అంది లీలమ్మ.

"కాకి వచ్చి రాయి తీసి, తెర ఎత్తి, గిల్లుకొని, మల్ల తెర కప్పి, రాయి పెట్టి పోతదా అత్తమ్మా?"

"హైదరాబాద్ కాకులు" అన్నాడు సీమోను, మాట సగం మింగుతూ.

"పావురాలు గావచ్చు" అన్నాను నేను. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, ఆ మాట ఎలా అన్నానో నాకే తెలియదు.

రాజమణి కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. నీళ్ళ ట్యాంకు గట్టు మీద కూర్చుని చెప్పింది. ఆ ఒంటిగంట మెట్టు ఆవిరి కాదు, ఎవరో గిల్లుకు తిన్నది. రాజమణి దశ లేదు. నాలుగో చాప్టరు అబద్ధం. ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి ప్రయోగం చెయ్యడానికి రోజుల్లేవు, వానాకాలం వచ్చేసింది. ఏ రోజు ఎవరు ఎంత తిన్నారో తేలితే ఆ మేరకు లెక్క సరిచేసుకోవచ్చు. తేలకపోతే థీసిస్ లేదు, పట్టా లేదు, ఆరేళ్ళు పోయినట్టే. "నాకు ఎవరి మీద కోపం లేదు. నాకు గ్రాములు కావాలె" అంది.

"ఇంటి దొంగను ఈశ్వరుడు కూడ పట్టలేడంటరు బిడ్డా" అని గొణిగాను.

"ఈశ్వరుడు పట్టకున్నా మెటీరియల్ బ్యాలెన్స్ పడ్తది బాపూ."

మొదట సీమోను లొంగిపోయాడు. "నేను తిన్నది తినుడు కాదు రాజీ. టేస్టు చూసిన. షిఫ్టు నుంచి వచ్చి, నువ్వు లోపల అన్నం పెడుతుంటే, ఉప్పు సరిపోయిందో లేదో జర చూద్దామని పోయిన."

"మూడు రోజులు చూసినవా?"

"మొదటి రోజు సమజ్ కాలే."

తర్వాత లీలమ్మ. కొడుకు పట్టుకున్న రెక్క విడిపించుకుని నిటారుగా నిలబడింది. "ప్రభువు లేపిండు, పోయిన" అంది. మోకాళ్ళ సంగతేమిటని అందరం ఒక్కసారే అడిగాం. "ఎక్కంగ ఏం నొయ్యలే. దిగంగ నొచ్చినయి. పాపానికి శిక్ష అనుకున్న."

అప్పుడు నేను ఊహించనిది జరిగింది. విమలాదేవి కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది. మా ఆవిడ పరాయి ఇంటి వంట ముట్టదు. పెళ్ళిళ్ళకు వెళ్ళినా అరటిపండు తిని వచ్చేస్తుంది. "నేను కూడ రోజు ఇంత తిన్న" అంది. నేను నోరు తెరిచాను. "గట్ల చూస్తవేంది?" అని నా మీదే విరుచుకుపడింది. "పొయ్యి మీద వండింది ముట్టనన్న. ఎండల ఎండింది వంటెట్లయితది? అది సూర్యభగవానుడు చేసింది."

"పొయ్యి మీద ఉడికించినంకనే ఎండబెట్టినం" అంది లీలమ్మ. విమలాదేవికి ఆ మాట వినిపించలేదు. వినదలచుకోనివి ఎలా వినకూడదో మా ఆవిడకు బాగా తెలుసు.

రాజమణి ముగ్గురి పేర్లూ నోట్‌బుక్‌లో రాసుకుంది. పేర్లున్నాయి సరే, గ్రాములేవీ? గిల్లేటప్పుడు ఎవరూ తూచుకోలేదు. అందుకని మళ్ళీ గిల్లించాలని నిర్ణయించింది. మూడు రోజులు మబ్బు పట్టి ఏడిపించాక ఒక రోజు ఎండ కాసింది. మళ్ళీ అదే పిండి, అదే పచ్చిమిర్చి, అదే తాంబాళం. ఒంటిగంట దాటాక ఒక్కొక్కరినీ పిలిచి, ఆ రోజు ఎలా గిల్లారో అలాగే గిల్లమంది. ఒక్కొక్కరు మూడుసార్లు. అదీ నిబంధన ప్రకారమే.

మొదటిసారి సీమోను మెంతిగింజంత తీశాడు. లీలమ్మ వేలు తాకించి తీసేసింది. విమలాదేవి నాకేం వద్దంది. రాజమణి పెన్ను పక్కన పెట్టింది. "మీరు నా ముందల సిగ్గుపడుతున్నరు. సిగ్గుతోని తీసిన రీడింగు పనికిరాదు. నేను అటు తిరుగుత" అని గోడ వైపు తిరిగి నిలబడింది. అంతే, సీమోను అరచెయ్యంత చీల్చుకున్నాడు. ఆమె వెనక్కి తిరగకుండానే "ముందుగాల తక్కెడ మీద, తర్వాత నోట్లె" అని అరుస్తూ ఉండేది. నేను ఓ పక్కన కుర్చీలో కూర్చుని, న్యాయమూర్తిలాగా ఇదంతా చూస్తున్నాను.

అక్కడికక్కడే లెక్క తేలింది. ముగ్గురి గిల్లుళ్ళూ కలిపి, నీళ్ళు తీసేస్తే, పదహారు గ్రాముల పిండికి సరిపోయింది. పోయింది ఇరవై ఎనిమిది. ఇంకా పన్నెండు గ్రాములకు దొంగ దొరకలేదు.

రాజమణి నోట్‌బుక్ మూసి తల పట్టుకుంది. "పన్నెండు గ్రాములు బాపూ. గింత లెక్కకు నా ఆరేండ్లు పోతయి" అంది.

నాలో ఏం జరిగిందో దాచుకోకుండా చెబుతాను. ముందు విమలాదేవి మొహం చూశాను. చెబితే రేపటి నుంచి నా అన్నంలో ఉప్పే కాదు, నమ్మకం కూడా ఉండదు. తర్వాత కార్వాన్ గుర్తొచ్చింది. బసవయ్య తూకం. త్రాసు మీద ఎవరైనా వేలు పెడితే చెయ్యి విరగ్గొడతానని పనివాళ్ళను బెదిరించిన మనిషిని. ఆ మనిషే ఒక ఆడపిల్ల త్రాసులోంచి మూడు రోజులు సరుకు తీశాడు. పైగా నేరం పావురాల మీద వేశాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. పరువు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు, ఈ పిల్లకు ఆరేళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తాను?

"రాజమణీ, ఆ పన్నెండు నేనే తిన్న" అన్నాను.

విమలాదేవి నా వైపు చూసిన చూపు రాయడానికి నాకు భాష చాలదు.

"ఎందుకు తిన్నవు?" అంది మా ఆవిడ.

"ఉప్పుండె."

రాజమణి తాంబాళం నా ముందుకు జరిపి, గోడ వైపు తిరిగింది. "గిల్లు బాపూ" అంది. నేను అంచు చుట్టూ, ఎక్కడా వంకర రాకుండా, ఎలుక కొరికినట్టు కనపడకుండా, సన్నగా తీశాను. తక్కెడ మీద పెట్టాను. ఇరవై గ్రాములు. రెండోసారి ఇరవై. మూడోసారి ఇరవై మీద పిసరు. నీళ్ళు తీసేస్తే పన్నెండు గ్రాముల పిండి. లెక్క సరిపోయింది. ఆమె అంకెలు చూసి, నన్ను చూసి, నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వింది. "అంచులు గంత మంచిగ ముడుచుకున్నయని సార్ ఎందుకు మురిసిండో ఇప్పుడు సమజైంది. మా ల్యాబ్ మిషన్ కన్న నీ చెయ్యి నయ్యం బాపూ" అంది. ఆ మాటకు గర్వపడాలో గోడకు తల బాదుకోవాలో తెలియక నీళ్ళు తాగాను.

ఆ తర్వాత ఆమె నలుగురినీ విడివిడిగా ఒక ప్రశ్న అడిగింది. ఒంటిగంట తర్వాతే ఎందుకు? పన్నెండుకు ఎందుకు తినలేదు, మూడుకు ఎందుకు తినలేదు? ఒకరి మాట ఒకరం వినలేదు, అందరం ఒకటే చెప్పాం. ముందైతే చేతికి అంటుకుంటుంది, తర్వాతైతే పంటికి గట్టిగా తగులుతుంది. ఆ వేళకే అది నోటికి వస్తుంది. ఆమె తన పట్టికలు చూసుకుంది. ఆ వేళకు వడియంలో నీరు నూటికి నలభై పాళ్ళు. మూడు రోజులూ, నలుగురమూ, ఆ నలభైకి అటూ ఇటూగానే చెయ్యి పెట్టాం.

కానీ జరిగిందంతా థీసిస్‌లో రాస్తానంటే అనురాగ్ సార్ ఒప్పుకోలేదు. మరునాడు ఫోనులో ఆయన మాటలు నాకు కూడా వినిపించాయి. "మేడమ్, వైవా ముప్పయ్యో తేదీ. అదే మీ ఆఖరి రోజు. వచ్చే ఎగ్జామినర్ చాలా స్ట్రిక్టు. నాలుగో చాప్టర్ తీసేద్దాం, లెక్కలు సరిచేసుకున్నాం కదా, గీత నున్నగా వస్తుంది. ఎవరు తిన్నారో ఎందుకు చెప్పడం? నవ్వుతారు. నవ్వితే పర్వాలేదు, డేటా పాడైందని ఫెయిల్ చేస్తే మళ్ళీ అవకాశం లేదు."

"నవ్వనియ్యిండ్రి సార్" అంది రాజమణి. నాలుగో చాప్టరు తీసేసింది. దాని స్థానంలో జరిగిందంతా రాసింది. చివర అనుబంధంలో మా నలుగురి పేర్లూ, వయసులూ, ఒక్కొక్కరి సగటు గిల్లుడూ, మా సంతకాలూ. నా పేరు పక్కన ఇరవై గ్రాములు అని స్పష్టంగా టైపు చేసి ఉంది.

యూనివర్సిటీలో వైవాకు ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. ముప్పయ్యో తేదీన మేం నలుగురం ఉతికిన బట్టలు కట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాం. లీలమ్మ బైబిలు తెచ్చుకుంది. విమలాదేవి ఆరు రోజులుగా నాతో మాట్లాడటం లేదు కానీ పక్కనే కూర్చుంది. వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పేరు ప్రొఫెసర్ సక్కుబాయి. తెల్ల జుట్టు, తాడు కట్టిన కళ్ళజోడు. నవ్వు అనే వస్తువుతో పరిచయం ఉన్నట్టు కనబడలేదు. రాజమణి చెబుతున్నంతసేపూ పేజీలు తిప్పుతూ పోయింది. అనుబంధం దగ్గర ఆగింది.

"వీళ్ళు నిజంగా ఉన్నారా?"

"ఎన్క కూసున్నరు మేడమ్."

సక్కుబాయి మేడమ్ కళ్ళజోడు పైకెత్తి చూసింది. నలుగురం లేచి నిలబడ్డాం. బడిలో బెంచీ ఎక్కించినట్టయింది. "ఇరవై గ్రాములు, మూడుసార్లూ. ఎవరు?" అంది. నేను చెయ్యెత్తాను. "మీరేం చేస్తుంటారు?"

"పప్పుల దుకాణం అమ్మా. తూకం అలవాటున్నది."

ఆమె ఏదో రాసుకుంది. మమ్మల్ని కూర్చోమని, రాజమణి వైపు తిరిగింది. అనురాగ్ సార్ గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

"తినే వేళకు నీటి శాతం ఇంత కచ్చితంగా ఒకేలా ఉండటం ఆసక్తిగానే ఉంది. దాన్ని ఒప్పుకుంటాను" అంది మేడమ్. "కానీ ఒకటి అడుగుతాను. ఈ చాప్టర్ పెట్టకుండా సరిచేసిన గీత మాత్రం చూపించి ఉంటే నాకు తెలిసే అవకాశమే లేదు. ఇవాళ మీ గడువు ఆఖరి రోజని కాగితాల్లో చూశాను. మీ డేటా పాడైంది అని మీరే రాసిచ్చారు. నేను ఫెయిల్ చేస్తే మీ పేరు కొట్టేస్తారు. ఇంత ప్రమాదం ఎందుకు తెచ్చుకున్నారు?"

రాజమణి బల్ల అంచు పట్టుకుంది.

"మేడమ్, నేను రోజు పొద్దుగాల నీళ్ళల్ల క్లోరిన్ చూస్త. నా అంకె చూసినంకనే మా దిక్కు నల్లాలు ఇడుస్తరు. పసిపోరలు తాగుతరు, ముసలోళ్ళు తాగుతరు. ఎన్నడు ఒక్క పాయింటు మార్చి రాయలే. ఆ కాయితం మీద నా సంతకం ఉండదు, ఇంకొకలది ఉంటది. నా సంతకం రావాల్నని ఆరేండ్లు చదివిన. తప్పు అంకె మీద తెచ్చుకుంటే, ఆ సంతకం చూసి నీళ్ళెట్ల తాగమంట?"

సక్కుబాయి మేడమ్ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఫలితం ఫారం తన వైపు లాక్కుని, పాస్ అని రాసి సంతకం పెట్టి, పెన్ను రాజమణి చేతికిచ్చింది.

"అభ్యర్థి సంతకం ఇక్కడ" అంది. "పెట్టండి, ఇంజినీరు గారూ."

రాజమణి పెట్టలేకపోయింది. పెన్ను పట్టుకుని నిలబడే ఏడ్చింది. వెనక సీమోను బహిరంగంగా వెక్కుతున్నాడు. నేను కూడా ఏడ్చాను. విమలాదేవి ఆరు రోజుల తర్వాత నా చెయ్యి పట్టుకుంది. అందరం ఆమె సంతకం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం.